మసక లైవ్

పెళ్లి లైవ్ అనే మాట వింటేనే నాకు రోత. ఆ మాట మీదే అన్నం తింటున్నాను కాబట్టి పైకి అనను, అంతే. బాన్సువాడలో ఒక ఫొటో స్టూడియోలో వీడియో పని నాది, పెళ్లిని జరుగుతుండగానే ఇంటర్నెట్‌లో చుట్టాల ఫోన్లకు పంపే పని. స్టూడియో ఓనరును అన్న అంటాను. ఊళ్లో నన్ను లైవ్ అక్క అంటారు. పెళ్లివాళ్లు వేదిక మీద, కెమెరావాళ్లు వేదిక కింద, నేను మాత్రం ఎప్పుడూ ఫంక్షన్ హాలు చివర చేతులు కడిగే కుళాయిల పక్కన. హాలు ఆఫీసు గది అటువైపే ఉంటుంది కాబట్టి ఇంటర్నెట్ వైరు అక్కడిదాకానే వస్తుంది. వేదిక మీద మల్లెపూలు, పన్నీరు ఉంటాయేమో నాకు తెలియదు. నా వాటాకు వచ్చేది పుక్కిలించి ఉమ్మే చప్పుడు, తొట్టిలో తేలే మెతుకులు, నమిలి వదిలేసిన మునక్కాడ పిప్పి. గుట్కా వేసుకున్న పెద్దమనిషి ఒకడు నా ల్యాప్‌టాప్ సంచీ మీదే ఉమ్మి, 'జర చూసి పెట్టుకోవాలె గదమ్మా' అని నాకే బుద్ధి చెప్పి పోయాడు ఒకసారి.

పని సంగతి కొంచెం చెప్పాలి. కెమెరాల నుంచి నా దగ్గరికి వచ్చే వీడియో అప్పటికే నొక్కి కుదించినదే. అయినా మామూలు ఫోను మోయలేని బరువు దానిది. నిజాంసాగర్ పెద్ద కాలువను తిన్నగా మడిలోకి వదిలితే మడి మిగులుతుందా? పిల్ల కాలువలు కావాలి, తూములు కావాలి. అలాగే నేను ఆ వీడియోను విప్పి, పెద్దవీ చిన్నవీ నాలుగైదు సైజుల్లో మళ్లీ కట్టి పంపుతాను. సిగ్నల్ బాగున్న ఫోను పెద్ద సైజు తీసుకుంటుంది. సిగ్నల్ లేని ఫోను చిన్నది తీసుకుంటుంది. చిన్నది మసకగా ఉంటుంది, కానీ ఆగదు. పేరున్న పెద్ద సైట్లలో పెడితే ఈ పని వాళ్లే చేస్తారు. అయితే హాల్లో ఒక్క సినిమా పాట మోగితే చాలు, కాపీరైట్ అని మంత్రాల మధ్యలోనే లైవ్ కోసేస్తారు. సినిమా పాట లేని పెళ్లి మా దగ్గర లేదు. అందుకని అన్న వేరే సర్వర్ కిరాయికి తీసుకున్నాడు, సైజులు కట్టే చాకిరీ నా నెత్తిన పడింది.

ఈ పనిలో చిరాకులకు కొదవ లేదు. పది ఫోన్లు తిరిగి, పదిసార్లు నలిగి, ముఖం పిండిముద్దలా అయిపోయిన వీడియో తెచ్చి 'దీన్ని ఫోర్‌కే చెయ్యి అక్కా, పెద్ద ఎల్ఈడీ మీద వెయ్యాలె' అంటారు. గానుగలోంచి వచ్చిన పిప్పిని మళ్లీ చెరుకు గడ చెయ్యమన్నట్టు. అసలుది ఎక్కడుందంటే 'ఫోన్ నిండిందని డిలీట్ కొట్టినం' అని నవ్వుతారు. వాళ్ల నవ్వు చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ చిరాకు వేరు, రోత వేరు. రోత అంటే ఏమిటో నాకు ఒక్క పెళ్లి నేర్పింది.

పెళ్లికూతురిది పెద్ద కొడప్‌గల్ అవతల ఒక పల్లె. వరి, చెరుకు ఉన్న పాతకాలపు కుటుంబం. తండ్రి లేడు. పెత్తనమంతా పెదనాన్నది. మాట్లాడుకోవడానికి స్టూడియోకు ముగ్గురు వచ్చారు. పెదనాన్న కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పెళ్లికూతురు బల్ల దగ్గర ఆల్బమ్‌లు తిరగేస్తోంది. తల్లి గడప దగ్గరే నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. బొట్టు లేని నుదురు, వెలిసిపోయిన బూడిద రంగు చీర. మనిషి నడివయసే, నిలబడ్డ తీరు మాత్రం ఎవరి దారికో అడ్డం వస్తానేమోనని భయపడుతున్నట్టు ఉంది.

పెదనాన్న ఒక్కొక్కటే చెప్పాడు. క్రేన్ కెమెరా కావాలి, డ్రోన్ కావాలి, ఎల్ఈడీ తెర కావాలి. 'అన్నిటికంటె ముందు లైవ్ పక్కా ఉండాలె' అన్నాడు.

'దూరంల చుట్టాలున్నరా పటేలా?' అని అన్న మర్యాదగా అడిగాడు.

'దూరమెవ్వరు లేరు. మా మరదలు కోసం.' తలతో గడప వైపు చూపించాడు. 'ఆమె హాలుకు రాదు గదా. ఇంటికాడ ఉంటది. శుభకార్యం, మొగపెళ్లోళ్లు పట్టింపు మనుషులు. కన్యాదానం నేను, మా ఆమె చేస్తం. ఆమెకు లోటెందుకని లైవ్ వెట్టిస్తున్న. ఇంట్లనే కూసొని మంచిగ చూసుకుంటది.'

ఎంత ఉదారంగా చెప్పాడో! సొంత కూతురి పెళ్లికి తల్లిని రావద్దనడం పాత అన్యాయమే. మా అమ్మమ్మల కాలంలోనూ ఉంది. కానీ ఆ కాలంలో కనీసం ఎవరో ఒకరు నొచ్చుకునేవారు, ఏ వంటింట్లోనో ఒక మూల చోటు చూపేవారు. ఇప్పుడు ఆ నొప్పి కూడా లేకుండా పోయింది, లైవ్ ఉంది కదా! నా చేతి పని ఇంత నీచానికి పనికొస్తుందని నాకు అంతవరకు తట్టలేదు. పెళ్లికూతురు ఆల్బమ్‌లోంచి తల ఎత్తలేదు, పేజీ కూడా తిప్పలేదు. తల్లి మాత్రం 'ఔ, గదే మంచిది' అంది మెల్లగా.

ఆమె ఫోన్‌లో లింకు పెట్టి ఇచ్చాను. అందులో పరీక్షకని ఒక పాత పెళ్లి వీడియో నడిపి, ఇంటికి వెళ్లాక ఒకసారి చూసుకోమన్నాను. మర్నాడు ఫోన్ చేసింది.

'బిడ్డా, గుండ్రంగ తిరుగుతనే ఉంది. బొమ్మ వస్తలేదు.'

'అమ్మా, ఇంట్ల ఏడ కూసున్నరు? డాబా మీదికి పోయి చూడుండ్రి.'

డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన మాట వినిపించేంత సిగ్నల్ ఉంది, అంతకు మించి లేదు. నా దగ్గరున్న సైజుల్లో అన్నిటికంటే చిన్నది కూడా అక్కడ ఆగి ఆగి వస్తోంది. టౌనులో అయితే సిగ్నల్ మస్తుగా ఉంటుంది, ఈ బాధ ఉండేది కాదు అన్నాను. నోరు జారాక నాలుక కరుచుకున్నాను, టౌనుకు రావద్దన్నందుకే కదా ఈ గోలంతా. పొద్దుగూకేదాకా కూర్చుని ఆమె కోసమే ఇంకొక సైజు కట్టాను. నేను ఎప్పుడూ వాడనంత చిన్నది. అందులో మనిషికీ తోరణానికీ తేడా తెలియడం కష్టం. దాన్ని పంపి చూడమన్నాను.

'కదులుతుంది బిడ్డా!' అంది. ఆ గొంతులో సంతోషం విని నాకు సిగ్గేసింది.

'మసకగ ఉంటదమ్మా.'

'మసకైతే మసకాయె. కదిలితే చాలు.'

పెళ్లినాడు పొద్దున్నే హాలు కిక్కిరిసింది. సెంటు వాసన, జనరేటర్ పొగ, కుళాయిల దగ్గర అప్పుడే మొదలైన ఇడ్లీ చట్నీ బురద. నేను ముక్కుకు చున్నీ కట్టుకుని లైవ్ మొదలుపెట్టాను. కాసేపటికి తల్లి ఫోన్.

'కనవడుతుంది బిడ్డా. ఎర్ర చీర మా బిడ్డదే గదా? నవ్వుతుందో ఏడుస్తుందో తెలుస్తలేదు గని, తల వంచినప్పుడు గుర్తువట్టిన. గట్లనే వంచుతది.'

వేదిక మీద ఆమె కూర్చోవలసిన చోట తోడికోడలు, పెదనాన్న భార్య, పట్టుచీరలో కూర్చుని, నిమిషానికోసారి కెమెరా వైపు మొహం తిప్పి కొంగు సర్దుకుంటోంది. జిలకర బెల్లం అయింది. తల్లి అది చూసింది. చూసిందని నాకు తెలుసు. ఆ సమయంలో ఫోన్ చేసి, 'చూసిన బిడ్డా' అని పెట్టేసింది.

ఆ తర్వాతే పెద్దమనుషులకు లైవ్ చూడాలన్న బుద్ధి పుట్టింది. ముందు వరుస సోఫాలో పెళ్లికొడుకు మేనమామ ఒకాయన ఉన్నాడు. పెళ్లికూతురు ఆయనకు కేక వేస్తే వినబడేంత దూరంలో ఉంది. ఆయన ఆమెను చూడకుండా ఫోన్ తీసి లైవ్ చూశాడు! పెళ్లిలో కూర్చుని పెళ్లిని ఫోన్‌లో చూసే జాతి మనది. ఇలాంటివాళ్లు ఆ హాల్లో వందల మంది. అందరి ఫోన్లూ ఒకే టవర్ మీద పడితే ఏమవుతుంది? సిగ్నల్ చచ్చింది. ఆయన ఫోనుకు అన్నిటికంటే చిన్న సైజు దిగింది, పల్లెలో తల్లి కోసం కట్టినది.

'ఏంది బావా, గిట్లుంది? పిల్ల మొఖమే కనవడ్తలేదు!' అని ఆయన ఆ ఫోన్‌ను పక్కవాడికి ఇచ్చాడు. అది సోఫాల వెంట చేతులు మారింది. ప్రతి చేతిలోనూ ఒక నవ్వు. చివరికి పెదనాన్న చేతికి వచ్చేసరికి ఆయన మొహం మాడిపోయింది. ఆ రోజు మొదటిసారి కుళాయిల వైపు అడుగుపెట్టాడు. వెనకే మా అన్న, ఇడ్లీ సగంలో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

'ఇంత కర్సు వెడితే గీ మసక వీడియోనా? వియ్యంకులు నవ్వుతుండ్రు!'

'పటేలా, సిగ్నల్ లేని ఫోనుకు మసకగ పోతది' అన్నాను. 'ఇగో, నా ల్యాప్‌టాప్‌ల చూడుండ్రి, అద్దం లెక్క ఉంది. ఈ చిన్నది ఇంటికాడ అమ్మ కోసం ఉంచినం. ఇది తీస్తే ఆమెకు మొత్తానికే రాదు.'

'ఆమె ఒక్కదాని కోసం నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?'

'తీస్తే ఈ ఫోన్లల్ల గూడ ఆగిపోతది పటేలా.'

'ఆగితె ఆగనీ. మసక మాత్రం ఉండొద్దు.'

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత అయింది. మసకగా వస్తే పెళ్లి చేసినవాడి పరువు పోతుంది. ఆగిపోతే నెట్‌వర్క్‌వాడి తప్పు. పైన పటారం లోన లొటారం అంటారు, ఇక్కడ లోన చూసే దిక్కే లేదు.

'తియ్యి' అన్నాడు అన్న నాతో.

'అన్నా, పుస్తె కట్టే టైం. ఆమె డాబా మీద కూసొని చూస్తుంది...'

'కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆమె సొంత బావనే వద్దంటుండు!'

అని నన్ను పక్కకు జరిపి, చట్నీ అంటిన వేళ్లతోనే కీబోర్డు మీద కొట్టి చిన్న సైజులన్నీ తీసేశాడు. మీటల మీద పల్లీ చట్నీ మెరుస్తోంది. అన్న కదలకుండా నా వెనకే నిలబడ్డాడు, నేను మళ్లీ పెడతానని ఆయనకు తెలుసు. సోఫాల్లో ఫోన్లన్నీ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. 'నెట్‌వర్క్ బిజీ ఉన్నట్టుంది' అనుకుని, తృప్తిగా జేబుల్లో పెట్టుకున్నారు. పెదనాన్న మీసం మీద చెయ్యి వేసుకుంటూ వేదికెక్కాడు.

బాజాలు గట్టిగా మోగాయి. ఒళ్లో నా ఫోన్ మోగింది.

'బిడ్డా, తిరుగుతుంది. నేను ఏమన్న ఒత్తిన్నా?'

'లేదమ్మా. మీరు ఏం చెయ్యలే. చిన్న సైజు తీసేయమన్నరు. ఇగ మీ కాడ రాదు.'

వీడియో కాల్‌లో చూపిద్దామంటే ఆ డాబా మీద మాటే ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఎవరు తీసేయమన్నారని అడుగుతుందేమో అనుకున్నాను, అడగలేదు.

'పుస్తె కట్టిండా?' అంది.

'ఇప్పుడే కడుతుండమ్మా.'

'మంచిది బిడ్డా' అని పెట్టేసింది.

తలంబ్రాలు పోసుకుంటుంటే హాలంతా నవ్వులు. నేను తెర వైపు చూడలేకపోయాను. ఎవరి మీద అసహ్యమో కూడా తేల్చుకోలేక, ఒక కాగితం తీసుకుని మీటల మధ్య చట్నీని తుడుస్తూ కూర్చున్నాను.

భోజనాలు సగం అయ్యాయి. కుళాయిల దగ్గర తోపులాట, నా కాళ్ల దాకా ఎంగిలి నీళ్లు. గిన్నెలు తోమే వైపు నుంచి ఒక మనిషి గోడ వారగా వస్తూ కనిపించింది. కొంగు తల మీదుగా ముందుకు లాక్కుంది. చేతిలో ఫోన్. దగ్గరికి వచ్చాక గానీ గుర్తుపట్టలేదు, తల్లి.

నేను కుర్చీలోంచి లేచాను. 'అమ్మా, మీరు...'

'నేను పెళ్లికి రాలే బిడ్డా' అంది వెంటనే, దొంగతనం కాదని చెప్పుకున్నట్టు. 'సిగ్నల్ కొరకు వచ్చిన. టౌన్ల మస్తుంటదన్నవు గదా. మా పక్కింటోళ్ల ఆటోల వచ్చిన. బయట రోడ్డు మీద నిలవడ్డ, ఆడ గూడ తిరుగుతనే ఉంది. జర చూసి వెట్టు, మళ్ల బయటికే పోత.'

ఫోన్ నా చేతికి ఇచ్చింది. ఆమె ఫోనే కాదు, ఆ చుట్టుపక్కల ఏ ఫోనూ పనిచేసేలా లేదు. చిన్న సైజు మళ్లీ పెడితే ఆ మసక అందరి ఫోన్లలోనూ తేలి, భోజనాల దగ్గరున్న అన్న పరుగెత్తుకొస్తాడు. నేను నా ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చి, గోడవైపు తిప్పి ఉన్న ల్యాప్‌టాప్ ముందు ఆమెను కూర్చోబెట్టాను. బాజాల మోతకు ఏమీ వినబడదని నా హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు పెట్టాను. తెర మీద అన్నిటికంటే పెద్ద సైజు నడుస్తోంది. పెళ్లికూతురి మొహం తెర నిండా ఉంది.

'ఇది ఇప్పటిదేనా బిడ్డా?'

'అర నిమిషం కిందిదమ్మా. విప్పి, మళ్ల కట్టి పంపేసరికి గంత ఆలస్యమైతది.'

ఆమె తల ఊపింది. వినిపించిందో లేదో. 'కాటుక చెదిరింది' అంది. 'ఏడ్చినట్టుంది.' వేలితో తెర మీద ఆ చెంప తుడిచింది. తల తిప్పితే చాలు, హాలు ఆ చివర నిజం బిడ్డ కనిపిస్తుంది. ఆమె తిప్పలేదు. నేను తిప్పమని అనలేదు.

అప్పగింతలు మొదలయ్యాయి. పెదనాన్న ఏడ్చాడు, బాగానే ఏడ్చాడు, క్రేన్ కెమెరా ఆయన మొహం దాకా దిగింది. ముందు గేటుకు మగపెళ్లివారి బస్సు అడ్డం ఉండటంతో పెళ్లికారును పక్క గేటుకు తెచ్చారు. ఆ దారి మా కుళాయిల ముందు నుంచే. బాజాలతో గుంపంతా ఇటు కదిలింది. నేను ఒక చెవి నుంచి హెడ్‌ఫోన్ తొలగించి చెప్పాను.

'అమ్మా, ఇటే వస్తుండ్రు. లేవుండ్రి, కనవడ్తది.'

ఆమె కుర్చీని గోడకు ఇంకా దగ్గరగా లాక్కుంది. కొంగు ఇంకా కిందికి దించుకుంది.

'నన్ను తిప్పకు బిడ్డా. బిడ్డను అత్తింటికి సాగదోలేటప్పుడు నేను ఎదురు వడొద్దు. నీకు దండం పెడ్త' అని హెడ్‌ఫోన్ మళ్లీ చెవికి నొక్కుకుంది.

వాళ్ల మాటలు ఆమె నోట్లోంచి అలా వస్తుంటే నాకు ఆ పెదనాన్న మీద కలిగినంత రోత ఎవరి మీదా కలగలేదు. పరుగున పోయి ఆయన చొక్కా పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. గుంపు వచ్చేసింది.

పెళ్లికూతురు తల వంచుకుని నడుస్తోంది. కుళాయిల దగ్గర తడి నేల మీద జారకుండా చీర ఎత్తిపట్టుకుంటూ పక్కకు చూసింది. గోడవైపు తిరిగి కూర్చున్న ఆ వీపును చూసింది. వీపును ఎవరు గుర్తుపడతారు? కూతురు గుర్తుపట్టింది.

'అమ్మా!'

బాజా మధ్యలో కూడా అందరికీ వినిపించింది. పెదనాన్నకు వినిపించింది. ఆయన కళ్లలో కోపం కూడా లేదు, వియ్యంకుడు చూశాడా లేదా అన్న బెదురు తప్ప. 'నడువు బిడ్డా, టైం అయితుంది' అని ఆమె వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. తోడికోడలు రెండో వైపు పట్టుకుంది. 'అమ్మా' అని మళ్లీ పిలిచింది. నేను తల్లి భుజం తట్టాను. భుజం కర్రలా బిగుసుకుంది, తిరగలేదు. గుంపు నెట్టుకుంటూ వెళ్లిపోయింది. కెమెరావాడు వెనక్కి నడుస్తూ అంతా తీశాడు. కారు తలుపు పడింది. హారన్ మోగింది. బాజావాళ్లు ఆపి చెమటలు తుడుచుకుంటున్నారు.

అప్పుడు, అర నిమిషం ఆలస్యంగా, తెర మీదికి వచ్చింది ఆమె బిడ్డ. అద్దంలో ఉన్నంత స్పష్టంగా, కనురెప్పల తడితో సహా. తడి నేల మీద చీర ఎత్తిపట్టుకుంది, పక్కకు చూసింది, ఆగింది. ఆ బొమ్మలో ఒక మూల గోడవైపు తిరిగిన ముసుగు మనిషి కూడా ఉంది. పిలుపు హెడ్‌ఫోన్స్‌లోకి వచ్చినట్టుంది, తల్లి ఒళ్లంతా అదిరింది.

'ఓ బిడ్డా!' అని కేక వేసింది. చేతులు కడుక్కునేవాళ్లు ఉలిక్కిపడి చూశారు. 'ఈడనే ఉన్న బిడ్డా! ఈడనే ఉన్న!' అని తెరకు చెప్తూ హెడ్‌ఫోన్స్ లాగేసి, అంతసేపూ తిప్పని తల ఒక్కసారిగా వెనక్కి తిప్పింది.

కారు అప్పటికే రోడ్డెక్కింది.